రెండో చరణం చెంగమ్మది

"అవ్వా, మా కాలేజీలో నైంటీస్ నైట్ అని పెడతా ఉండారు. అప్పటి హిట్ పాటలు, రేడియో ముచ్చట్లు ఏమన్నా చెప్పు. ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఏం నైటు? నైంటీస్ నైటా? అదేందే సంధ్యా, నిన్నా మొన్నా జరిగిన దాన్ని పురాణం చేసేసినారే. మీ యమ్మ నైంటీస్‌లో ఆరో క్లాసు ఫెయిలైనదే, దాన్నీ తీసకపోయి ఆ స్టేజీ మీద నిలబెట్టు, బొమ్మల కొలువు మాదిరి చూసి పోతారు. వేలూరులో ఫీజు కట్టి చదివేది దీనికేనా. సరి, సరి, మొగం ముడుచుకోబాక. ఆ ఫోను యాడ పెడతావు? ఆ బియ్యం డబ్బా మీద పెట్టు. నేను గట్టిగానే మాట్లాడతా, మిషన్ల మధ్యలో మాట్లాడిన నోరు ఇది.

ఏం పాట కావాల? పెట్టు, ఏదో ఒకటి పెట్టు. అది కాదు. అదీ కాదు, అది శానా వెనకది, మా పెండ్లి నాటిది. ఇదో, ఇది. మొదట ఈల వస్తాది చూడు, ఆ. ఇదేనే. విను, విను. ఇప్పుడు పల్లవి అయిపాయ. మొదటి చరణం. మళ్లీ ఈల. రెండో చరణం ఎత్తుకున్నాడు, ఒక లైను, ఇంకో సగం లైను... ఆపు. ఆడ ఆపు అంటా ఉండా కదా.

అంతే పాట. ఆ తరువాత కూడా ఉండాదా? ఉంటాదిలే, ఎవురో కష్టపడి రాసినదే కదా. మాకు లేదు. మా గుడియాత్తంలో ఆ పాట ఆడికే. ఆ తరువాతది నాది. రెండో చరణం నాది. నగబాక, నేను రాసినా అది. రాసినా అంటే పలకా బలపం పట్టి రాయలే, నోటితో కట్టినా. అది రేడియోలో కూడా వచ్చింది. నా పేరు మాత్రం రాలే. నీకు రేడియో ముచ్చట కావాలన్నావు కదా, ఇదే నా రేడియో ముచ్చట, ఇంతకంటే వేరే లేదు.

మొదటి నుంచి చెప్తా. నేను అప్పుడు తీపెట్టి కంపెనీలో ఉంటి. తీపెట్టి అంటే తెలుసునా? లైటర్లు నొక్కే జనం మీరు. అగ్గిపెట్టె. చట్రంలో పుల్లలు పేర్చేది నా పని. ఒక బెంచికి పన్నెండు మంది ఆడోళ్లం. మొదలాళి, అదే మా ఓనరు, ఆయన కుర్చీ పైన మేకుకి ఒక రేడియో తగిలించి ఉండె. మామీద ప్రేమతో పెట్టినాడనుకోబాక. పాట వస్తే చేతులు బిరబిరా ఆడతాయి, అందుకు. దబదబా పాట వచ్చిందనుకో, లేచి రేడియో చెవి తిప్పి సౌండు పెంచుతాడు. ఏడుపు పాట వచ్చిందనుకో, తగ్గించేస్తాడు, చేతులు నిదానమైపోతాయని. అందుకే నైంటీస్‌లో ఏడుపు పాటలు ఏమొచ్చినాయో నాకు తెలీదు, అడగబాక. మా కంపెనీలో ఎవురూ ఏడవలే, పాటల్లో.

ముల్లు ఒక వెంట్రుక ఇటు జరిగితే తమిళం, అటు జరిగితే తెలుగు. మనుండే తమిళనాడుకీ చిత్తూరుకీ నడుమ కొండ, ఇవతల స్టేషను ఒకటి, అవతల స్టేషను ఒకటి. గాలి తోలితే రెండూ కలిసి వస్తాయి. మనకేం, మనం మాట్లాడేదీ అట్లనే కదా.

పాటలు ఎట్ల ఉండెనంటే, అప్పుడే ఈ కంప్యూటర్ మ్యూజిక్ వచ్చె. మృదంగం వాయించే ఆయన ఇంటికి పాయ, డబ్బాలో రాళ్లు వేసి ఆడించే శబ్దం వచ్చె. ఒకడు గొంతు లోపల్నే మెల్లగా ఊదతా ఉంటాడు, వెనకాల ఇంకొకడు కడుపునొప్పి వచ్చినోడి మాదిరి ఊఁ ఊఁ అంటా ఉంటాడు. మొదటి దినం ఇదేం పాట, థూ అంటిమి. రెండో దినం నోరు మూసుకొని వింటిమి. మూడో దినం పన్నెండు మందిమీ పుల్లలు పేరుస్తా ఊఁ ఊఁ అంటా ఉంటిమి. తెలుగులోకి మార్చిన పాటలైతే ఇంకా అన్యాయం. తమిళంలో వాడు నోరు మూసిన చోట ఇక్కడ మాట ముగియాల, అందుకని ఏది దొరికితే అది దూర్చినారు. నువ్వు మెరుపు, నేను మిరప, అట్లాంటివి. అయినా పాడుకుంటిమి. అంత రోషం మాకు యాడిది.

పాట కంటే పేర్లు ఎక్కువ. నేయర్ విరుప్పం అని, వినేవాళ్లు కోరిన పాట. కార్డు రాసి పంపితే పాట వేసే ముందర పేర్లు చదవతారు. పాట నాలుగు నిమిషాలు, పేర్లు ఆరు నిమిషాలు. పాట కోసం ఎవురూ రాయరు, నాకు తెలుసు. పేరు కోసమే. నెమిలి గోవిందసామి అని ఒకాయన ఉండె. దినామూ వస్తాది ఆయన పేరు. పొద్దున వస్తాది, మధ్యాన్నం వస్తాది. నేను ఆయన్ని పెద్ద జమీందారు అనుకుంటి. ఒకసారి మా చిన్నమ్మ ఊరికని నెమిలి పోయినప్పుడు బస్టాండులో అడిగితిని, గోవిందసామి గారిల్లు యాడ అని. ఏ గోవిందసామి, ఆ పేరుతో నలుగురు ఉండారు అనిరి. రేడియో గోవిందసామి అంటే, ఓ, వాడా, వానికి ఇల్లెక్కడిది, పోస్టాఫీసు అరుగు మీదనే ఉంటాడు పొద్దంతా అనిరి. పోయి చూస్తే, ఆమా, నిజమే, కార్డు రాస్తా కూర్చోని ఉండాడు. తలెత్తి కూడా చూడలే.

నేనూ రాసినా. పదేళ్లు రాసినా. మా బెంచి పన్నెండు మంది పేర్లూ రాసి చివర నాది రాస్తా ఉంటి, మర్యాదగా ఉంటాదని. అదే నేను చేసిన తప్పు. ఆ చదివే యమ్మ ఉండాది చూడు, చల్లని గొంతు, నోట్లో కలకండ పెట్టుకున్న మాదిరి. ఏడు పేర్లు చదివి ఊపిరి పీల్చుకొని "ఇంకా పలువురు" అంటాది. అంతే. ఆ పలువురులో నేనుండా. మా సుందరి పేరు వచ్చె, లచ్చిమి పేరు వచ్చె, ఏ పాటా తెలీని మా వంట రాజమ్మ పేరు వచ్చె. నేను ఇంకా పలువురు.

నాకు వేరే ఆశ ఏమీ లేదు అప్పట్లో, నిజంగా చెప్తా ఉండా. చెంగమ్మ అనే మాట ఆ డబ్బాలో నుంచి ఒక్కసారి రావాల. ఎందుకు అంటావా? మా నాయన నన్ను ఏయ్ అని పిలిచె. మీ తాత ఇదో అని పిలిచె. కంపెనీలో ఏడో నంబరు. పిల్లోళ్లకి అమ్మ. పేరు పెట్టినారు గానీ ఎవురూ వాడలే దాన్ని. కొత్తగా ఉండాది ఇప్పటికీ.

సరి, పాట కదా. పాటలోకి వస్తా.

దామోదరం మాస్టర్ అని ఒకాయన ఉండె. కీబోర్డు వాయిస్తాడు. పెండ్లిండ్లకి కచేరి పెట్టే గ్రూపు ఆయనది. నలుగురు మొగోళ్లు, పాడేకి ఆడగొంతు లేదు. మా యమ్మ పెండ్లి పాటలు బాగా పాడతాదని ఊరంతా తెలుసు, ఆ వాసన నాకూ ఉంటాదని వచ్చి అడిగినాడు. కంపెనీకి లీవున్న దినాల్లో పోతా ఉంటి. పోస్టర్లో పేరు వేయాల కదా. చెంగమ్మ అంటే ఆయన మొగం ఎట్లనో పెట్టినాడు. "చెంగమ్మ అంటే పాలు అమ్మేదాని పేరు మాదిరి ఉండాదమ్మా, లైట్ మ్యూజిక్‌కి ఆగదు" అన్నాడు. కుమారి మంజుల అని వేసినాడు. ముగ్గురు పిల్లోళ్ల తల్లిని నేను, కుమారి. మీ తాత గోడ మీద పోస్టరు చూసి వచ్చి, "ఎవురే ఆ మంజుల, బాగుంటాదా" అని నన్నే అడిగినాడు. బాగుంటాది, సాయంత్రం వచ్చి అన్నం పెడతాది అంటిని.

ఈల పాట వచ్చినప్పుడు, ఇప్పుడు నువ్వు పెట్టినదే, తమిళంలో ముందు వచ్చె, తరువాత తెలుగులో. మన తెలుగోళ్ల పెండ్లిండ్లలో తెలుగుదే కావాల అంటారు. తమిళ క్యాసెట్టు గుడియాత్తంలో వీధికొకటి దొరకతాది. తెలుగుది కావాలంటే చిత్తూరు పోవాల. చిత్తూరు యాడుండాది, బస్సెక్కితే పోయి రావచ్చు. మాస్టర్‌కి బస్సెక్కే మనసు రాలే. "రేడియోలో ఊరికే వస్తా ఉంటే కొనేదెందుకు" అన్నాడు. టేప్ రికార్డరు రేడియో పక్కన పెట్టి, కిటికీ మూసి, అందరం ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటిమి. డ్రమ్ము కొట్టే బాబు తుమ్ము ఆపుకునేకి ముక్కు పట్టుకొని ఉండాడు. పాట వచ్చె. పల్లవి, చరణం, ఈల, రెండో చరణం ఒకటిన్నర లైను. అప్పుడు టిక్, టిక్, టిక్, టిక్. సమయం ఇంత. వార్తలు.

అంతే. పాట పాయ, ఢిల్లీ వచ్చె.

మళ్లీ రాదా రేడియోలో అంటావా? వస్తాది. వార్తలకి ముందర మిగిలిన జాగా నింపేకే ఆ పాట వేస్తారు, వచ్చినప్పుడంతా ఆడనే కోత. మాస్టర్‌ని అడిగితే, "పెండ్లిలో రెండో చరణం ఎవురు వింటారు, అప్పటికి భోజనానికి లేస్తారు" అన్నాడు. అందుకని మేమేం చేసినామంటే, ఆ ఒకటిన్నర లైను పాడేది, బాబు చెక్క మీద టిక్ టిక్ అని నాలుగు కొట్టేది, మళ్లీ పల్లవి ఎత్తుకునేది. ఆ టిక్ టిక్ కూడా పాటలోదే అనుకున్నారు జనం. కొందరికి అదే ఇష్టం. చిన్నపిల్లోళ్లు ఆడికి వచ్చేసరికి "వార్తలు" అని అరిచేది, అందరూ నగేది. మేము పోని పల్లె లేదు, పాడని సత్రం లేదు. పాట అంటే అట్లనే ఉంటాది అని ఊరంతా నేర్చుకునింది. మా పక్కింటామె బిడ్డను ఊయల్లో వేసి ఆ పాట పాడి, టిక్ టిక్ టిక్ టిక్ అని నోటితో అని, మళ్లీ పల్లవి పాడతా ఉండె. నా చెవులతో విన్నా.

అప్పురం, కొన్నాళ్లకి, ఒక పెండ్లి వచ్చె. బస్టాండు దగ్గర సత్రంలో. పెండ్లికూతురు మనూరి లుంగీల వ్యాపారి బిడ్డ. పెండ్లికొడుకుది చిత్తూరు. సాయంత్రం రిసెప్షను. ముందు వరసలో పెండ్లికొడుకు చిన్నాయన కూర్చోని ఉండాడు, కోటు వేసుకొని. ఎండాకాలంలో, గుడియాత్తంలో, కోటు. బొత్తాం పట్టక కడుపు ఆ పక్క ఈ పక్క చూస్తా ఉండాది. మేము ఈల పాట ఎత్తుకుంటిమి. బాబు టిక్ టిక్ కొట్టినాడు. పిల్లోళ్లు వార్తలు అని అరిచినారు. నేను పల్లవి ఎత్తేలోపల ఈయన చెయ్యెత్తి లేచినాడు.

"ఆపండి. రెండో చరణం యాడ?"

ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"మా చిత్తూరులో ఈ పాట నిండుగా పాడతారు. తమిళనాడోళ్లకి తెలుగు సగమే వచ్చునా?"

అదీ మాట. పాట పాడలేదని అనుంటే పోనీ అనుకుందుము. తెలుగు సగమే వచ్చునా అన్నాడు. మా తాతల తాతల నుంచి ఈడ ఉండాము, తమిళం నేలలో తెలుగు మాట్లాడి బిడ్డల్ని పెంచినాము, అక్షరం చదివేకి రాకపోయినా మాట విడవలే. ఈయన కొండ దిగి వచ్చి అడగతా ఉండాడు సగమా అని. పెండ్లికూతురి నాయన మొగం చూసినా. పాపం ఆయన, చేతిలో తాంబూలం తట్ట పట్టుకొని అట్లనే నిలబడిపోయినాడు. మాస్టర్‌ని చూస్తే వైర్లు సర్దతా ఉండాడు. అప్పుడే వైరు పాడైపోయిందంట ఆయనకి. తల దించుకొని నాతో మెల్లగా, "మంజులా, దండం పెట్టి దిగిపో" అన్నాడు.

నేను దిగలే.

మా యమ్మ గురించి చెప్పినా కదా. ఆమె పాటలంటే ఏమనుకున్నావు? వియ్యాలోళ్ల మీద పాటలు. మొగపెండ్లివాళ్లు ఆకు ముందర కూర్చున్నాక, ఆడపెండ్లి తరఫు ఆడోళ్లు నిలబడి వాళ్ల మీద పాట కడతారు. నీ మీసం ఇట్లుండాది, నీ నడక అట్లుండాది అని. ఆయన నగాల, అదీ పద్ధతి. కోపం చూపితే ఆయనకే తక్కువ, ఊరంతా చెప్పుకుంటారు. నేను చిన్నప్పుడు మా యమ్మ కొంగు పట్టుకొని నిలబడి ఎన్ని విన్నానో లెక్క లేదు. ఆ పొద్దు మైకు పట్టుకుంటే అదే వచ్చె నోట్లోకి. ఈల పాట ట్యూను, మా యమ్మ పద్ధతి. బాబుని చూసి తల ఆడిస్తిని, వాడు దరువు వేసినాడు.

కొండ దిగి వచ్చినాడు పెద్దమనిసి
కోటు బొత్తాం పట్టలేదు పెద్దమనిసి
ఆకు నిండా వడ్డిస్తే చాలలేదంట
పాట నిండా పాడితే చాలలేదంట
ఏమి పెడితే నిండునో ఈయన కడుపు
ఎంత పాడితే నిండునో ఈయన చెవు

పాడేసి, టిక్ టిక్ టిక్ టిక్ అని నేనే నోటితో అని, పల్లవి ఎత్తుకుంటిని. సత్రం లేచిపాయ. ఆడోళ్లు కొంగులు నోట్లో పెట్టుకొని నగతా ఉండారు. వంటోళ్లు గరిటెలు పట్టుకొని బయటికి వచ్చినారు. చిన్నాయన ఏం చేస్తాడు, నగాల కదా, పద్ధతి కదా. నగినాడు. నగితే ఆ ఉండే ఒక్క బొత్తాం కూడా ఊడిపాయ. "ఇంకొకసారి" అన్నాడు, మంచోడే పాపం. రెండోసారి పాడించుకొని, పొన్నాడ, అదే జరీ శాలువా, తెప్పించి, స్టేజీ ఎక్కి వచ్చి కప్పినాడు.

ఎవురికి కప్పినాడో చెప్పు. మాస్టర్‌కి. గ్రూపు లీడరు కదా. వైర్లు సర్దినందుకు.

ఆ దినం నుంచి మా కచేరి అంటే రెండో చరణం. పెండ్లికొడుకు మేనమామకి ఒక మాట, పెండ్లికొడుకు తాతకి ఒక మాట మార్చి పాడతా ఉంటి. కోటు చరణం మాత్రం అందరికీ బాయిపాఠం, నోటికి వచ్చేసింది. కంపెనీలో పాడతారు, కొళాయి కాడ పాడతారు. నిజంగా చెప్తా, శానా సంతోషంగా ఉంటి ఆ ఏడాదంతా.

అప్పుడు కొండ అవతల స్టేషనోళ్లు ఊర్ల గ్రూపులతో పాటలు పాడిస్తా ఉండారని మాస్టర్‌కి తెలిసె. జాబు రాసినాడు, రమ్మన్నారు. నాకు చెప్పినాడు గానీ ఎట్ల చెప్పినాడు? "ఆడ తెలుగు కాగితం చూసి చదవాలంటమ్మా. నీకు చదవను రాదు కదా. ఈసారి వాద్యాలు మాత్రం పోతాము" అన్నాడు. నేను నమ్మినా. నిజమే కదా, నాకు రాదు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, మనందరి కథా అదే. పాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు ఉండె నాకు. తప్పు నాదే అనుకుంటిని.

ఒక పొద్దు మధ్యాన్నం, బెంచి మీద ఉండాము. ముల్లు తెలుగు పక్క ఉండె. ఆ కలకండ గొంతు యమ్మ కాదు, ఇంకొకాయన. "ఇప్పుడు స్థానిక కళాకారుల హాస్యగీతం. రచన, సంగీతం, దామోదరం. గానం, కుమారి మంజుల" అన్నాడు. కొండ దిగి వచ్చినాడు పెద్దమనిసి. ట్యూను మార్చినాడు దొంగ, సినిమా ట్యూను ఒప్పుకోరని. మాట ఒక్కటీ మార్చలే. కోటు ఉండాది, బొత్తాం ఉండాది. ఆ కోటు ఎవురిదో, ఆ బొత్తాం ఎందుకొచ్చిందో రేడియో వినే ఊర్లకి ఏం తెలుసు. పాడతా ఉండేది ఎవురో చిన్నపిల్ల. లేత గొంతు, అగ్గిపుల్లల మందు వాసన తగలని గొంతు.

ఇప్పుడు విను, ఇదీ అసలు సంగతి. కుమారి మంజుల అంటే నేను అని ఊరంతా తెలుసు కదా. పన్నెండు మందీ పుల్లలు కింద వేసి నా మీద పడినారు. ఏమే, నీ పాట రేడియోలో వచ్చెనే అని. సుందరి కండ్లనీళ్లు పెట్టుకునింది. మొదలాళి లేచి సౌండు పెంచినాడు. ఆయన చేయి అంతకుముందు దేనికీ అంత తిరగలే. మిక్చర్ పొట్లాలు తెప్పించినాడు అందరికీ, ఆయన జీవితంలో ఒకేసారి. "మన ఏడో నంబరు రేడియోలో పాడింది" అన్నాడు.

నేను కాదు అని చెప్పాల కదా. చెప్పలే. ఏమని చెప్పేది? మాట నాది, గొంతు నాది కాదు, పేరు నాదీ కాదు, కాకుండానూ కాదు అని చెప్తే మిక్చర్ తినే నోర్లకి అర్థమవుతాదా? నేనూ తిన్నా. పొట్లం అడుగు వరకు తిన్నా. ఇంటికి వచ్చి పొయ్యి ముందర కూర్చోని ఏడిస్తిని. పొగ ఎక్కువైందేమో, కట్టె పచ్చిదేమో అన్నాడు మీ తాత. ఆమా, పచ్చిదే అంటిని.

ఆదివారం మాస్టర్ ఇంటికి పోయి అడిగితిని. ఆయన ఏమన్నాడో ఒక్క మాట కూడా మరిచిపోలే. "చూడు, పేరు గ్రూపుదమ్మా. నువ్వు పాడినా మంజులే, ఇంకొకరు పాడినా మంజులే. బస్సు నంబరు మాదిరి. డ్రైవరు మారితే నంబరు మారతాదా?" అన్నాడు. అయితే ఆ బస్సు నేను ఎక్కను అని చెప్పి వచ్చేస్తిని. మళ్లీ స్టేజీ ఎక్కలే. మీ యమ్మ పెండ్లిలో పాడమంటే గొంతు బాగలేదు అన్నాను, గుర్తుంటాది దానికి. గొంతు బాగానే ఉండె.

అంతటితో అయిపోలేదు. కంపెనీ నుంచి ఒకసారి మోర్ధానా డ్యాం చూపిస్తామని బస్సు పెట్టినారు. డ్యాం మీద కూర్చోబెట్టి, మంజులా, రేడియో పాట పాడు అని పట్టుకునిరి. సరి, పాడితిని. నా చరణం, నా నోటితో. పాడినాక కొత్తగా చేరిన ఒక పిల్ల ఏమనిందో తెలుసునా? "బాగుండాదక్కా, రేడియోలో ఇంకా బాగా పాడినారు" అనింది. నీళ్లలో తోసేద్దామా అనుకుంటి. అన్నం మూట విప్పి పులిహోర పెడితిని దానికి.

ఆ పాడిన పిల్ల మీద నాకు ఎంత కడుపుమంట ఉండెనో. వేలూరు కాడ సత్తువాచారి ఊరి పిల్ల అని బాబు చెప్పినాడు. చర్చిలో పాడతాదంట. దాని గొంతు కీచుపోవాలని నేను మొక్కుకోని దేవుడు లేడు. దాని దేవునికి కూడా మొక్కుకుంటిని.

ఎన్నేండ్లు పాయెనో. మీ తాత పోయినాక, ముదియోర్ పింఛను కోసం, ముసలోళ్ల పింఛను, సత్తువాచారి కలెక్టరాఫీసుకి అర్జీ పట్టుకొని పోతిని. సోమవారం. జనం జనం. ఒక మైకు పెట్టి పేర్లు పిలస్తా ఉండారు. "చెంగమ్మ, గుడియాత్తం." స్పీకరులో, అంత పెద్దగా. మొదటిసారి మైకులో నా పేరు రావడం, సంధ్యా. పింఛనుకి. లేచి పోవాలని కూడా తోచలే, ఇంకొకసారి పిలవనీ అని కూర్చోని ఉంటి.

పక్కన కూర్చున్న ఆమె నన్నే చూస్తా ఉండాది. నా కంటే పదేళ్లు చిన్నది, తెల్లచీర. "అక్కా, మీరు గుడియాత్తం చెంగమ్మా? కచేరి చెంగమ్మా?" అనింది. ఆమా అంటిని. నా రెండు చేతులూ పట్టుకునింది. "అక్కా, నేనే ఆ పాట పాడినా. మాటలు మీవని బాబు అన్న చెప్పినాడు. అప్పటి నుంచి మిమ్మల్ని చూడాలని" అనింది.

తిట్టాల కదా నేను. ఎన్నేండ్లు దాచిపెట్టుకున్న తిట్లు. నోట్లోకి ఒకటీ రాలే. నీ పేరేందమ్మా అని అడిగితిని. చూడు, అన్నేండ్లు తిట్టినా, పేరు అడగలే ఎవురినీ. స్టెల్లా అనింది.

అప్పుడు చెప్పింది. స్టేషన్లో ఆయన నీ పేరేందమ్మా అని అడిగినాడంట. స్టెల్లా అని చెప్పిందంట. మాస్టర్ అడ్డంపడి, "ఆ పేరు చర్చికి బాగుంటాది, కుమారి మంజుల అని రాసుకోండి సార్" అన్నాడంట. ఈ పిల్ల వాళ్లమ్మకి, వాళ్ల వీధికంతా చెప్పి పెట్టిందంట, నా పేరు వస్తాది వినండి అని. వీధంతా రేడియో ముందర కూర్చున్నారంట. మంజుల అని వచ్చె. పాడింది నువ్వు కాదులే, అబద్ధం చెప్పినావు అని వాళ్లమ్మే అనిందంట. నాకు పాడకనే మెప్పు వచ్చె, దానికి పాడినా రాకపాయ.

"సరే, తెలుగు కాగితం ఎట్ల చదివినావు?" అంటిని. "యాడ చదివేది అక్కా, నాకు తెలుగు అక్షరం ఒకటి రాదు. చేతి మీద తమిళంలో రాసుకొని పోతిని. మాస్టర్‌కి మాత్రం వచ్చునా?" అనింది. నేను నగేస్తిని. అది కూడా నగింది. ఆడనే ఇద్దరం మెల్లగా ఎత్తుకుంటిమి, కొండ దిగి వచ్చినాడు అని. చివర టిక్ టిక్ దానికి తెలీదు, నేర్పిస్తిని. యూనిఫారం ఆయన వచ్చి, కలెక్టరాఫీసులో పాటలేంది, గమ్మునుండండి అని అరిచినాడు. ఇంతలో మూడోసారి పిలిచినారు చెంగమ్మ అని. పోతిని.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాది, చర్చి ముగిసినాక. నువ్వు చూసినావే, ఎవురవ్వా గంటసేపు అని అడగతావే, అదే. ఇద్దరం కలిసి మాస్టర్‌ని తిడతాము. ఆయన పోయి శానా దినాలైంది, అయినా తిడతాము. ఆడ కూడా ఎవురి పాటో తన పేరుతో పాడిస్తా ఉంటాడు, ఆ దేవతలకి ఏం తెలుసు.

"అవ్వా, నేను నైంటీస్ నైట్‌లో నీ రెండో చరణమే పాడతా."

పాడతావా? నువ్వా? నీ గొంతు యాడ, అరనిమిషం పాడి అర్ధగంట లిప్‌స్టిక్ వేసుకుంటావు. సరి, పాడు. పాడు గానీ నేను చెప్పినట్టు పాడాల. టిక్ టిక్ విడవబాక. కోటు దగ్గర నగబాక, వినేవాళ్లే నగాల. ఇంకోటి. పాట ఎత్తుకునే ముందర చెప్పాల. మైకు దగ్గరగా పట్టుకొని, నిదానంగా. రచన, చెంగమ్మ, గుడియాత్తం. సత్రంలో గానం, చెంగమ్మ. రేడియోలో గానం, స్టెల్లా, సత్తువాచారి. ఈ పొద్దు గానం, సంధ్య. నీ పేరు కూడా చెప్పుకో, సిగ్గుపడబాక. డ్రమ్ము బాబు పేరు కూడా చెప్పు, వాడు లేకుంటే టిక్ టిక్ లేదు. మాస్టర్ పేరా? చెప్పు. ఆయన పేరూ చెప్పు, వైర్లు, దామోదరం అని చెప్పు.

దా, ఇట్ల దా. నీ గొంతు చల్లగా ఉండాల నాయనా. నూరేండ్లు పాడాల. ఇంకా ఆన్‌లోనే ఉండాదా అది? ఉండనీ. పేర్లు చదివేటప్పుడు ఊపిరి చాలకపోతే ఆగి, పీల్చుకొని, మళ్లీ చదువు. ఎవురినీ ఇంకా పలువురులో పెట్టబాక.